అంకవన్నె వారు

జీనునకు వ్రేలాడుచు ఱౌతు పాదమును మోయు లోహవలయమునకు మనవా రంకవన్నె యని పేరిడిరి. అరబీపదమైన రికాబును మన భాషలో స్థిరపడినది. ఆ వలయమును గూర్చి చరిత్రకారులు విస్తారముగ వ్రాసిరి. దానిని వ్రేలఁగట్టు తోలువారును దలఁచువా రరుదు.

క్రీస్తుకుఁ బూర్వపు సాంచీ శిల్పములలో ఱౌతు బొటనవ్రేలిని దూర్చుకొను చిన్న యుచ్చు గానవచ్చును. పాదరక్ష లేని యుష్ణదేశపు ఱౌతున కది చాలును. చలిదేశమున జోడు తొడిగినవాని కది పనికిరాదు. చీనాదేశమున చాంగ్షానగర సమీపమున 302వ సంవత్సరపు సమాధిలో దొరకిన మట్టిబొమ్మల గుఱ్ఱములకు ఎడమప్రక్క మాత్రమే యొక పొట్టి రికాబున్నది. అది స్వారికిఁ గాదు, ఎక్కుటకు మెట్టు. నాన్‌జింగున 322వ సంవత్సరపు సమాధిలోని బొమ్మకు రెండుప్రక్కలను గలవు. 415లో మరణించిన ఫెంగ్ సుఫు సమాధిలో బంగారుపూఁత కంచు తొడిగిన కొయ్యరికాబుల జత లభించినది. ఐరోపాకు వీనిని గొనిపోయినవా రవారు లనువారు.

ఈ వలయమే ఐరోపాలో సామంతవ్యవస్థకు మూలమని లిన్ వైట్ పండితుఁడు 1962లో వాదించెను. పలువురు ఖండించిరి, ఖండనమే నాకు యుక్తముగఁ దోఁచుచున్నది. పాదమున కాధారము దొరకినంతనే భూములు పంచిపెట్టు రాజ్యాంగము పుట్టునా?

వారు పొడవు మాటయో, అది ప్రత్యక్షము. కవచధారియగు ఐరోపా యోధుఁడు వారును దీర్ఘముగ విడిచి, కాళ్లు చాఁచి, వెన్నును జీను వెనుకగట్టున కానించి బల్లెము పొడిచెను. తురుష్క మంగోలు ధానుష్కులు దానిని గుఱుచచేసి, రికాబులపై లేచి నిలిచి, వెనుకకుఁ దిరిగియు బాణము వేసిరి. స్పెయిను దేశమున రెండు పద్ధతులును నుండెను: పొడవుదానికి బ్రిదా యనియు, పొట్టిదానికి హినేతా యనియుఁ బేళ్లు. 1897లో టాడ్ స్లోన్ అను అమెరికా ఱౌతు మిక్కిలి పొట్టివారులతో, మెడపైకి వంగి, ఇంగ్లండు పందెములకు దిగఁగా జనులు కొమ్మపైఁ గోఁతి యని నవ్విరి. అతఁడు గెలువసాగినపిదప నవ్వినవారే యనుకరించిరి. ఇటలీ సైనికుఁడు కాప్రిల్లీయు గంతులకై వారును గుఱుచచేసెను.

కొలత సులభము. వ్రేళ్లకొనలను జీనుకడ వారు తగిలించు కమ్మిపై నుంచి, వారును చేతివెంట లాగిన రికాబు చంకను దాఁకవలెను. పిదప ఎక్కి కూర్చుండి కొండిని ఒకటి రెండు రంధ్రములు సవరించుకొందురు. ఎడమవైపునుండియే యెక్కు వాడుకచే బరువంతయు ఎడమవారుపైఁ బడి యది సాగును. రంధ్రములు సమానమైనను కాళ్లు సమానము గావు. కావున తెలిసిన ఱౌతులు అప్పుడప్పుడు కుడివారు నెడమకును, ఎడమవారు కుడికిని మార్చి తగిలింతురు.