అరవైయా? యాభై తొమ్మిదా?

ఈ దేశం వచ్చిన కొత్తలో బేస్‌బాల్ నా కంటికి మన గోటీబిళ్ళకి పెద్దన్నలా కనిపించేది. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగనివాళ్ళం కదా! మా అబ్బాయి లిటిల్ లీగ్‌లో పిచర్‌గా చేరాకే దాని మీదికి మనసు మళ్ళింది. "నాన్నా, ఒక్క సీజన్‌లో అందరికంటే ఎక్కువ గెలిచిన పిచర్ ఎవరు?" అని వాడడిగితే తెల్లమొహం వేశాను. తర్వాత లైబ్రరీలో చదివి తెలుసుకున్న కథ ఇది.

క్రికెట్‌లో గెలుపు జట్టుది. బేస్‌బాల్‌లో అయితే జట్టు గెలిచిన ప్రతి ఆటనూ ఒక పిచర్ ఖాతాలో రాస్తారు. ఆ ఖాతా అందరికంటే బరువుగా ఉన్నవాడు చార్లెస్ రాడ్‌బోర్న్. ముద్దుపేరు 'ఓల్డ్ హాస్', అంటే ముసలి గుర్రం. ఇల్లినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో పెరిగిన కసాయివాని కొడుకు.

1884లో ఆయన ప్రావిడెన్స్ గ్రేస్ జట్టులో ఉన్నాడు. జట్టుకి ముఖ్యమైన పిచర్లు ఇద్దరే: ఆయన, చార్లీ స్వీనీ. ఇద్దరికీ పడేది కాదు. జూలైలో యాజమాన్యం రాడ్‌బోర్న్‌ని సస్పెండ్ చేసింది. కొద్ది రోజులకే స్వీనీ ఆట మధ్యలో తగవు పడి వెళ్ళిపోయాడు. జట్టు మూతపడే పరిస్థితి. అప్పుడు రాడ్‌బోర్న్, "జీతం పెంచండి, సీజన్ అయ్యాక నన్ను స్వేచ్ఛగా వదలండి, మిగతా ఆటలు నేను చూసుకుంటాను" అని ఒప్పందానికి వచ్చాడు.

చూసుకున్నాడు కూడా! మొదలుపెట్టిన 73 ఆటల్నీ తనే ముగించాడు. వేసినవి 678 ఇన్నింగ్స్‌కి పైనే, స్ట్రైకవుట్లు 441, ఓటములు 12. లీగ్ గెలిచాక న్యూయార్క్ మెట్రోపాలిటన్స్ మీద మూడు ఆటలూ తనే ఆడి గెలిపించాడు. పొద్దున్నే తల దువ్వుకోవడానికి చెయ్యి లేచేది కాదని చెబుతారు.

మరి గెలుపులెన్ని? కొన్ని పుస్తకాల్లో 60, కొన్నింట్లో 59. జూలై 28న ఒక ఆటలో మరో పిచర్ ఐదు ఇన్నింగ్స్ వేసి, ఆధిక్యంతో బంతి ఈయనకి అప్పగించాడు. ఆ గెలుపు ఎవరిదన్నదే తగాదా.

అప్పట్లో పిచర్ 50 అడుగుల దూరం నుంచి విసిరేవాడు. 1893లో అది 60 అడుగుల 6 అంగుళాలైంది. 1904లో జాక్ చెస్‌బ్రో 41 గెలిచాడు. పాపం, చివరి రోజున చేజారిన ఒక్క బంతితో అతని జట్టు చాంపియన్‌షిప్ పోగొట్టుకుంది. 1968లో డెనీ మెక్‌లెయిన్ 31 గెలిచాడు. ఆ తర్వాత 30 ముట్టినవాడు లేడు. ఇప్పుడు జట్టుకి ఐదుగురు పిచర్లు వంతులవారీగా దిగుతారు.

ఇదంతా గర్వంగా చెబితే మా వాడు ఒకటే అడిగాడు: "మరి ఆయన చెయ్యి నొప్పి పుట్టలేదా నాన్నా?"

నాకు చురుక్కుమంది. అంతకు ముందు వారమే వాడు భుజం నొప్పంటే, "ఇంకొక్క ఇన్నింగ్స్ వెయ్యరా" అని గెంటినవాణ్ణి నేనే. కోచ్ పక్కన కూర్చోబెడితే అలిగింది కూడా నేనే. 2007 నుంచి లిటిల్ లీగ్‌లో పిల్లలు రోజుకెన్ని బంతులు వెయ్యాలో లెక్క పెట్టింది ఎందుకో అప్పటికి గాని అర్థం కాలేదు.

రాడ్‌బోర్న్ 1897లో, 42 ఏళ్ళకే పోయాడు. హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం మరో 42 ఏళ్ళకి, 1939లో దక్కింది. ఆ రికార్డును ఎవరూ దాటలేదు. దాటాలని మన పిల్లలకి చెప్పక్కర్లేదు కూడా.