ఉద్దానం: శీర్షికలో మిగిలిన ప్రశ్న

ఉద్దానం కిడ్నీ జబ్బు చరిత్రని నేను పరిశోధన వ్యాసాల శీర్షికల్లో చదువుతాను. 2013లో 'ఎన్విరాన్‌మెంటల్ జియోకెమిస్ట్రీ అండ్ హెల్త్' పత్రికలో డి.వి. రెడ్డి, గుణశేఖర్‌ల వ్యాసం శీర్షికలో 'తాగునీటి పాత్ర' ఉంది. 2019లో 'కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్'లో టి. రవిరాజు బృందం వ్యాసం శీర్షికలో మాత్రం 'కారణం తెలియని' జబ్బనే ఉంది. మొదటి శీర్షికొక్కటే ఉటంకిస్తే కారణం దొరికేసినట్టు అనిపిస్తుంది. రెండూ ఏళ్లతో సహా పక్కపక్కన పెడితే, వెతుకులాట ఇంకా నడుస్తోందని తెలుస్తుంది. 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచింది కూడా అందుకేగా. మేం కోడ్‌లో ఏ మార్పు ఎవరు, ఎప్పుడు చేశారో రాసిపెట్టుకుంటాం. 'పరిశోధనలో తేలింది' అని రాసేవాళ్లూ అంత చెప్పాలి: ఎవరి పరిశోధన, ఏ ఏడాది, ఏ ఊళ్లలో? డయాలసిస్‌కి తిరిగే జీడితోట రైతుకి ఆ జవాబు కావాలి.