గుంజాల గోండి లిపి పుట్టుపూర్వోత్తరాలు

గుంజాల గోండి లిపికి ఆ పేరు ఊరి పేరును బట్టి వచ్చింది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాలలో 2006లో ఈ లిపిలో రాసిన చేతిరాత ప్రతులు వెలుగులోకి వచ్చాయి. వాటిని గుర్తించిన పరిశోధక బృందానికి ఆచార్య జయధీర్ తిరుమలరావు నాయకుడు. అవి సుమారు 1750 నాటివని పండితుల అంచనా. గోండి తెలుగుకు దగ్గరి బంధువైన ద్రావిడ భాష. 2011 జనగణన ప్రకారం దాన్ని మాట్లాడేవారు దాదాపు 30 లక్షల మంది. అంతమంది నోట ఉన్న భాషకు పూర్వం నుంచి వచ్చిన సొంత రాతే లేదని లోకం అప్పటిదాకా నమ్మింది.

ఆ నమ్మకానికి కారణాలు లేకపోలేదు. గోండుల వంశ చరిత్రలు, దేవతల కథలు పర్ధాన్ల నోటనే నిలిచాయి. కీక్రి అనే వాద్యం వాయిస్తూ తరం నుంచి తరానికి పాడి అప్పగించడం వారి వృత్తి. 1940లో జోడేఘాట్‌లో గోండుల తిరుగుబాటు నాయకుడు కొమరం భీం మరణించాక నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను ఆ ప్రాంతానికి పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైనప్పుడు వాచకాలు గోండిలోనే తయారయ్యాయి గానీ అక్షరాలు మాత్రం దేవనాగరివి. చదువు వచ్చిన కొద్దిమంది గోండులకు తెలిసింది మరాఠీ కావడమే అందుకు కారణం. మార్లవాయికి ఎంతో దూరం లేని గుంజాలలో వేరే లిపి ఉందన్న సంగతి ఆ పుస్తకాల దాకా చేరలేదు. చేరి ఉంటే గోండు పిల్లల చదువు దారి వేరుగా ఉండేదేమో.

ఈ లిపిలో అన్నింటికన్నా ఆసక్తి కలిగించేది వర్ణమాల వరుస. తెలుగు పిల్లలు క, ఖ, గ, ఘ అంటూ గొంతు దగ్గర మొదలుపెట్టి పెదవుల దాకా వస్తారు. గుంజాల హల్లులు ‘య’తో మొదలవుతాయి. తర్వాత వ, బ, భ, మ. ఆ పిమ్మటే క, ఖ, త, థ, ల, గ, ఘ. చివర హ, ర, స. ఒత్తు లేని అక్షరం పక్కనే దాని ఒత్తక్షరం ఉంటుంది, వర్గాల కట్టుబాటు మాత్రం కనిపించదు. ఇంకో లిపిని చూసి దించుకున్నవారు దాని వరుసనూ తెచ్చుకోవడం సహజం. ఇక్కడ అలా జరగలేదు. ఈ లిపికి దాని సొంత బోధనా సంప్రదాయం ఉండి ఉండవచ్చని ఇది సూచిస్తుంది. నిర్మాణం మాత్రం మిగతా భారతీయ లిపులదే. ఎడమ నుంచి కుడికి రాస్తారు, హల్లుకు గుణింతపు గుర్తులు చేరుస్తారు, అచ్చు లేని హల్లుకు విరామ చిహ్నం ఉంది.

పాత ప్రతిలో అక్షరం పూర్తయిన రూపమే కనబడుతుంది. కలం ఎక్కడ మొదలై ఎటు తిరిగి ఎక్కడ ఆగిందో రాయగలిగిన మనిషే చూపాలి. చైనా బడులు దీన్ని ఒక పద్ధతిగా నేర్పుతాయి. పై గీత ముందు, కింది గీత తర్వాత. ఎడమ ముందు, కుడి తర్వాత. అడ్డగీత తర్వాత నిలువుగీత. చుట్టూ గడి గీసి, లోపల నింపి, అడుగు గీతతో మూయడం. ఎనిమిది రకాల మూల గీతలకు ‘యుంగ్’ అనే ఒక్క అక్షరమే పాఠం. అక్కడ వేల అక్షరాలు గుర్తుండాలంటే చేతికి ఆ క్రమం పట్టుబడాలి. గుంజాల లిపికి అక్షరాలు తక్కువే అయినా గండం పెద్దది, ఎందుకంటే 2006 నాటికి దాన్ని చదవగలవారు కొద్దిమంది వృద్ధులే. వారి చేయి ఆగిపోతే రూపాలు మిగిలి రాత పోయేది. అందుకే వారి ఎదుట పిల్లలను కూర్చోబెట్టడం ప్రతులను భద్రపరచడమంత అవసరమైన పని అయింది.

ఆ పని సాగింది. 2014 నాటికి వాచకం, కంప్యూటర్ ఫాంటు వచ్చాయి. ఉట్నూరు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలోని కొన్ని బడుల్లో బోధన మొదలైంది. 2018 జూన్‌లో యూనికోడ్ 11వ కూర్పు ఈ లిపికి చోటిచ్చింది. అందులో 10 అచ్చులు, 30 హల్లులు, 10 అంకెలు, గుణింతపు గుర్తులు, ఓంకారం వగైరాలతో కలిపి 63 సంకేతాలున్నాయి. హల్లుల పట్టిక అక్కడా ‘య’తోనే మొదలవుతుంది.

గోండికి ఇదొక్కటే లిపి కాదు. మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ ప్రాంతానికి చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసరాం 1918లో మరో లిపి కల్పించారు. అది 2017లోనే యూనికోడ్‌లో చేరింది. రెండింటికీ పోలిక లేదు. తెలంగాణలో తెలుగు అక్షరాలతో, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌లలో దేవనాగరితో గోండి రాయడం ఇప్పటికీ సాగుతోంది.