బదులును కబురును

నలుగురు కూడి యొక పత్రమును వ్రాయునపుడు మూడు సంగతులు తేటపడవలెను: మాట యెవరిది, అది దేనికి బదులు, ఆ బదులు వచ్చినట్లు అడిగినవానికి తెలియుట యెట్లు. ఎదురెదుట కూర్చుండి మాటలాడుకొనువారికి కన్నును కంఠమును వీనిని అప్రయత్నముగా సమకూర్చును. యంత్రముల మీద వేర్వేరు వేళల, ఒకరినొకరు చూడక పనిచేయువారికి మాత్రము వీనిని ఒక్కొక్కటిగా నిర్మించుకొనవలసి వచ్చెను. ఆ నిర్మాణమునకు అర్ధశతాబ్దపు చరిత్ర కలదు.

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున ప్లేటో అను బోధనా కంప్యూటరు వ్యవస్థ యుండెను. దానిని వాడువారు తమకు కనబడిన లోపములను అందరును దిద్దదగిన ఫైళ్లలో వ్రాసిపోవుచుండిరి. కాని ఆ ఫైళ్లలో ఎవరి మాటనైనను ఎవరైనను చెరిపివేయవచ్చును, పరుని పేర వ్రాయనువచ్చును. ఈ యరాజకమునకు మందు కనిపెట్టు పని 1973లో డేవిడ్ ఊలీ అను పదునేడేండ్ల యువకునిపై బడెను. అతడు ప్రతి టిప్పణికిని వ్రాసినవాని గుర్తును తేదీని యంత్రమే జోడించునట్లు చేసెను. మొదట తెరను రెండుగా చీల్చి ఒక ప్రక్క ఫిర్యాదును, వేరొక ప్రక్క సిబ్బంది సమాధానమును నిలుపదలచెను. సగము తెర చాలదని తోచినంత, ఒక్కొక్క టిప్పణి క్రింద పెక్కు బదుళ్లను, సిబ్బందియే గాక ఎల్లవారును వ్రాయునట్లు వీలు కల్పించెను. చోటు చాలకపోవుట వలన పుట్టిన యీ చిన్న మార్పుతో ఫిర్యాదుల పుస్తకము చర్చావేదిక యయ్యెను.

ఈమెయిలునందు మాటకును బదులునకును గల ఈ సంబంధము వేరొక విధమున కుదిరెను. 1982 ఆగస్టులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 822 అను ప్రమాణపత్రము ననుసరించి, ప్రతి లేఖకును ఒక ప్రత్యేక సంఖ్యవంటి గుర్తు నుంచవచ్చును. బదులు వ్రాసిన లేఖ, తాను దేనికి బదులో దాని గుర్తును తన శీర్షికలో మోయవచ్చును. కబురు సంగతి అంతకు ముందే బర్కిలీ విశ్వవిద్యాలయమున యూనిక్స్ అను కంప్యూటరు వ్యవస్థను పెంపొందించువారికి పట్టినది. 1980 ప్రాంతమున వారు చేర్చిన బిఫ్ అను ప్రోగ్రాము, ఆ ప్రాంగణమున తిరుగాడు ఒక శునకము పేరు పెట్టుకొని, జాబు వచ్చిన తోడనే పనిలో నున్నవాని తెరపై చాటెడిది. కబురు కావలెనన్న ‘బిఫ్ వై’ అనియు, వలదన్న ‘బిఫ్ ఎన్’ అనియు టైపు చేసిన చాలును.

2001 జనవరిలో ఆరంభమైన వికీపీడియాలో వ్యాసమునకొక చర్చాపుట యేర్పడెను గాని, అదియు ఎవరైనను దిద్దదగిన మామూలు పుటయే. బదులు చెప్పదలచినవాడు పై మాటకంటె ఒక కోలన్ గుర్తు అదనముగా వేసి తన వాక్యమును లోపలికి జరిపి, కడపట నాలుగు టిల్డే గుర్తులతో సంతకము చేయవలసి యుండెను. సంతకము మరచినచో ఆ మాట యెవరిదో పుట చరిత్రను తిరుగవేసి తెలిసికొనవలసి యుండెను. వాదము ముదిరినకొలది మాటలు కుడియంచునకు ఒదిగి ఇరుకునపడగా, ఎవరో యొకరు పూనుకొని మరల ఎడమకు లాగుచుండిరి. 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియాలోని రచ్చబండ అను సాధారణ చర్చాపుటయందును ఈ క్రమమే నడిచెను.

కబురు మరింత కష్టము. వాడుకరికి తన పేరిటనున్న చర్చాపుటలో ఎవరైనను వ్రాసినచో తెరపై నారింజరంగు పట్టీ వచ్చెడిది. వేరొకచోట తనకు బదులు పడినచో తాను కనిపెట్టదలచిన పుటల మార్పులను చూపు వీక్షణ జాబితాను తానే వెదుకుకొనవలసి యుండెను. 2013లో ఎకో అను కబురందించు వ్యవస్థ వచ్చిన పిమ్మట, ఒకరి పేరును లంకెగా వ్రాసిన చాలును, వారికి కబురు చేరును. అయితే ఆ లంకెయు సంతకమును ఒక్క దిద్దుబాటులోనే పడవలెను; మరచిన సంతకమును తరువాత చేర్చినను కబురు కదలదు, పిలిచినవాడు పిలిచితిననియే తలచుచుండును.

చర్చాపుటల స్థానమున ఫ్లో అను సరికొత్త కట్టడమును నిలుపజూచిన ప్రయత్నము పెక్కుచోట్ల ఆదరణ పొందలేదు. 2019లో వికీపీడియాను నడుపు వికీమీడియా ఫౌండేషను సంపాదకులను విస్తృతముగా సంప్రదింపగా, పాత పుటలను ఉండనిచ్చి వానినే బాగుచేయుట మేలని తేలెను. ఆ పిమ్మట వచ్చిన బదులిచ్చు పరికరము కోలన్లను తానే వేయును, సంతకమును తానే చేయును. పుటనంతయు గాక, కోరిన చర్చకు మాత్రమే చందాదారుడగు సౌకర్యమును దానివెంట వచ్చెను.

ఈ చరిత్రను సమీక్షించినచో, యంత్రము మనుష్యుని నుండి గైకొన్నది గుమాస్తా పనియే యని తోచును: పేరు వేయుట, చోటు చూపుట, కబురు మోయుట. ఏ చర్చ తన కాలమునకు తగినదో నిర్ణయించు భారము నేటికిని చదువరిదే. కావున కబురందించు మంచి వ్యవస్థకు గురుతు అది యెంత బిగ్గరగా పిలుచునన్నది గాదు. పిలువవలదన్నప్పుడు మారుమాటాడక ఊరకుండుటయు, కావలెనన్నప్పుడు ఏ మాటకు ఏది బదులో తడుముకొననక్కరలేక చూపుటయునే.