గళ్ళ బట్ట ప్రయాణం

(రేడియో మహిళా కార్యక్రమ ప్రసంగం)



మా పెళ్ళయిన కొత్తలో మావారు నాకొక గళ్ళ చీర తెచ్చారు. మెరూను రంగు మీద పసుపుపచ్చ, ఆకుపచ్చ గీతలు. చక్కటి నేత. ముచ్చటపడి కట్టుకుని పేరంటానికి వెళితే ఒకావిడ చెంగు పట్టుకు చూసి, "ఇదేమిటమ్మా, మీ ఆయన లుంగీలో ముక్క మిగిలిందా?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఆ చీర మడిచి ట్రంకుపెట్టె అడుగున పడేశాను. చాలా ఏళ్ళు మళ్ళీ తీయలేదు. ఆవిడకు ఆ రోజు ఏం చెప్పాల్సిందో తెలుసుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది. అదే ఇవాళ మీతో చెబుతాను.

గళ్ళు వేయడంలో పెద్ద రహస్యమేమీ లేదు. పడుగులో రంగు పోగులు వరసగా పెట్టి, పేకలోనూ అదే వరసలో రంగు పోగులు పోనిస్తే, రెండూ కలిసిన చోట గడి పడుతుంది. రెండు రంగులతో నేసినా కంటికి మూడు కనిపిస్తాయి. ఎరుపూ తెలుపూ అయితే, రెండూ పెనవేసుకున్న చోట గులాబీ తేలుతుంది. కాని లెక్క తప్పకూడదు. ఒక్క పోగు ఎక్కువ పడినా గడి చతురస్రం కాదు, దీర్ఘచతురస్రం అవుతుంది. అందుకే గళ్ళ బట్టను చూడగానే నేసినవారి శ్రద్ధ ఎంతో తెలిసిపోతుంది.

ఇక మద్రాసు సంగతికి వద్దాం. 1639లో ఇంగ్లీషు కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డే ఆ ఇసుక తీరాన్ని కోరుకోవడానికి ముఖ్యమైన కారణం, అక్కడ నూలు బట్ట చవకగా దొరకడం. ఆ నేల ఇచ్చినవారు మన దామెర్ల వెంకటాద్రి నాయకుడు. మరుసటి ఏడు అక్కడ సెయింట్ జార్జి కోట కట్టడం మొదలైంది. 1734లో కంపెనీవారు నేతపనివారికీ నూలు వడికేవారికీ ప్రత్యేకంగా ఒక పేట కట్టించారు. అదే చింతాద్రిపేట. అరవంలో తరి అంటే మగ్గం. చిన్న తరి పేట కాస్తా చింతాద్రిపేట అయిందంటారు. ఆ రేవు నుంచి ఓడలెక్కిన గళ్ళ రుమాళ్ళకు లోకమంతా "మద్రాసు" అనే పేరు పెట్టింది. రుమాలంటే చేతిలో పట్టుకునే జేబురుమాలు కాదండోయ్, తలకు చుట్టుకునేంత బట్ట.

ఆ రుమాలు అమెరికాలో న్యూ ఆర్లియన్సు దాకా వెళ్ళింది. అక్కడ జరిగింది వినండి. అప్పట్లో ఆ ఊరు స్పెయిను పాలనలో ఉంది. బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతి స్త్రీలూ, వారి సంతతివారూ చక్కగా జడలల్లుకుని, నగలూ ఈకలూ పెట్టుకుని తిరుగుతుంటే దొరసానులకు కన్నుకుట్టింది. 1786లో మిరో అనే గవర్నరు ఒక ఉత్తరువు వేశాడు. ఆ స్త్రీలెవరూ జుట్టు కనబడనీయకూడదు, తలకు గుడ్డ కట్టుకోవాలి, నగలూ ఈకలూ పెట్టకూడదు. వాళ్ళను తక్కువవాళ్ళుగా గుర్తుపట్టడానికే ఈ ఏర్పాటంతా. మరి వాళ్ళేం చేశారు? గుడ్డ కట్టుకోమన్నారుగా, కట్టుకున్నారు! మెరిసిపోయే రంగుల్లో మద్రాసు గళ్ళ రుమాళ్ళు ఎంచుకుని, కిరీటాల్లాగా ఎత్తుగా, ముడి మీద ముడి వేసి కట్టారు. ఉత్తరువు ప్రకారమే నడుచుకున్నారు, ఎవరేమనగలరు? ఆఖరికి దొరసానులు కూడా ఆ కట్టు నేర్చుకున్నారట.

ఇంకోవైపు స్కాట్లండులో, తిరుగుబాటు అణచిన తర్వాత 1746లో బ్రిటిషు ప్రభుత్వం మగవారు కొండప్రాంతపు గళ్ళ ఉన్ని దుస్తులు వేయకూడదని చట్టం చేసింది. దాన్ని 1782లో రద్దు చేశారు. ఒకచోట గళ్ళు కట్టుకుంటే నేరం, మరోచోట తలకు గుడ్డ కట్టకపోతే నేరం! గుడ్డముక్కను చూసి ప్రభుత్వాలకు అంత భయమెందుకో మరి.

కరీబియను దీవుల్లో, ముఖ్యంగా మార్టినిక్, గ్వాడెలూప్‌లలో, మద్రాసు బట్ట జాతీయ వేషమంత గౌరవం పొందింది. రుమాలులోని లేతరంగు గడులకు కుంచెతో పసుపుపచ్చ రంగు దిద్దేవారు. ఆ పని చేసిపెట్టే ఆడవాళ్ళు వేరే ఉండేవారు. తలకట్టు కొసలకు కూడా అర్థాలున్నాయని చెబుతారు. ఒక కొస పైకి నిలిపితే మనసు ఖాళీగా ఉందని, రెండయితే మాట ఇచ్చానని, మూడయితే పెళ్ళయిందని. నాలుగు కొసల సంగతి రేడియోలో చెప్పేది కాదు!

ఇప్పుడు మన గడపలోకి వద్దాం. చీరాల-పేరాల అనగానే మీకు 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు నడిపిన ఉద్యమం గుర్తొస్తుంది. అదే చీరాల, పక్కనే వేటపాలెం, ఈపూరుపాలెం మగ్గాల మీద "రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్" నేసి పడమటి ఆఫ్రికాకు పంపేవారు. పేరు మద్రాసుది, చేతులు మనవి. నైజీరియాలో కలబరి అనేవారున్నారు. వారు ఈ బట్టను "ఇంజిరి" అంటారు. వారి శుభానికీ అశుభానికీ ఇంజిరి ఉండవలసిందే. అక్కడి స్త్రీలు కొన్న బట్టను కొన్నట్టు కట్టరు. బ్లేడుతో గళ్ళలోంచి ఎంచిన పోగులు కోసి, ఒక్కొక్కటే లాగేస్తారు. మన నేతగాడు లెక్కపెట్టి వేసిన పోగును ఆవిడ లెక్కపెట్టి తీస్తుంది. మిగిలినదానిలో కొత్త నమూనా తేలుతుంది. ఎన్నడూ ఒకరినొకరు చూసుకోని ఇద్దరు కలిసి చేసిన పని అది. ఇగ్బో స్త్రీలు కట్టే ఖరీదైన బట్ట పేరు "జార్జి". అది మన సెయింట్ జార్జి కోట పేరేనంటారు. ఆ దేశం దిగుమతులపై ఆంక్షలు పెట్టినప్పుడు ఇక్కడ మగ్గాలు ఆగిపోయాయి. ఆ దెబ్బ తగిలింది మాత్రం చీరాల గడపలకే.

రంగు వెలవడం గురించి ఒక తమాషా కథ ఉంది. 1958లో అమెరికా వ్యాపారి ఒకాయన మద్రాసు నుంచి గళ్ళ బట్ట వేల గజాలు కొన్నాడు. చన్నీళ్ళలో విడిగా ఉతకాలని కొన్నవారికెవరికీ చెప్పలేదు. ఉతికితే రంగులు ఒకదానిలోకి ఒకటి పాకి ఇంటింటా గోల. కోర్టుకెళతామన్నారు. చివరికి "రంగు వెలిసి తీరుతుంది, మాదీ హామీ" అని పత్రికల్లో ప్రకటించేసరికి, అదే ఫ్యాషనై కూర్చుంది!

మనకలా కుదరదు, ఆ రంగు పాకేది మావారి తెల్ల చొక్కా మీద. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని మా అత్తయ్యగారు అనేవారు. ఆవిడ మాట కాదనలేక నేనూ నానబెట్టాను, వెలిసేది వెలిసింది. రంగు నిలవాలంటే అది మగ్గమెక్కక ముందు, అద్దకం తొట్టిలోనే తేలాలి. మొదటి రెండు మూడుసార్లూ చన్నీళ్ళలో విడిగా ఉతికి నీడన ఆరేయండి, చాలు.

కట్టుకోవడం గురించి ఉత్తరాల్లో చాలామంది అడిగారు. గళ్ళ చీర మీదికి గళ్ళ రవిక వద్దు. చీరలో అన్నిటికంటే సన్నని గీత ఏ రంగులో ఉందో చూసి, ఆ రంగు సాదా రవిక వేయండి. పెద్ద గళ్ళు కుచ్చిళ్ళలో పూర్తిగా మడతపడతాయి కనుక వాటి అందమంతా పైటలోనే. నారాయణపేట చీరల్లాగా చిన్న గళ్ళు, పెద్ద అంచు ఉన్నవి పొట్టివారికీ, లావువారికీ కూడా నప్పుతాయి. పిల్లలకు గౌను కుట్టించేటప్పుడు పక్క కుట్టులో గడి గడికీ కలవాలని దర్జీతో గట్టిగా చెప్పండి. గుడ్డ కొంచెం ఎక్కువ పడుతుంది, సణుగుతాడు, పడనివ్వండి. కొనేటప్పుడు బట్ట తిరగేసి చూడండి. నేసిన గళ్ళు రెండువైపులా ఒకేలా ఉంటాయి. అచ్చు వేసినవైతే వెనకవైపు వెలవెలబోతాయి. లుంగీని చేనేతకే కేటాయిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం ఉన్నా అంగట్లో మరమగ్గం సరుకే పోసి ఉంటుంది, అడిగి తీసుకోవలసింది మనమే.

నా మెరూను చీర మొన్న పెట్టెలోంచి తీశాను. మడతల దగ్గర రెండుచోట్ల చివికింది. రంగు మాత్రం చెక్కుచెదరలేదు. మా అమ్మాయి చివికిన చోట కత్తిరించేసి, మిగిలింది ఓణీగా వేసుకుంటానంటోంది. పసుపుపచ్చ రవికగుడ్డ కోసం రేపు బజారుకు వెళ్ళాలి.