కోటలో కలములు

1942 ఆగస్టు 9వ తేదీన నిర్బంధింపబడిన కాంగ్రెసు కార్యవర్గ సభ్యులు పలువురు అహమ్మదునగరు కోటకు తరలింపబడిరి. సభలు లేవు, సందర్శకులు లేరు. తొలినాళ్లలో వార్తాపత్రికలును లేవు.

ఆ ఏకాంతమున నెహ్రూ 1944 ఏప్రిలు మొదలు సెప్టెంబరు వరకు, అయిదు మాసములలో ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ను రచించిరి. ఆంధ్రులైన పట్టాభి సీతారామయ్యగారు దినచర్య వ్రాసికొనిరి. మౌలానా ఆజాదు మిత్రునకు పంప వీలులేని లేఖలు వ్రాసిరి. అవియే పిదప ‘గుబారె ఖాతిర్’ అను గ్రంథమైనవి.

1943 ఏప్రిలులో ఆజాదుగారి సతీమణి కలకత్తాలో కన్నుమూసిరి. కడసారి చూపునకును ఆయన నోచుకొనలేదు. అయినను కలము ఆగలేదు. కోటగోడలు సందడిని ఆపగలిగినవే కాని, శోకమును ఆపలేకపోయినవి. ఏకాగ్రత ఏకాంతముతో రాదు. మనస్సును కార్యమునందు నిలుపువానికే అది వశమగును.