గాదెనుండి కంచమునకు

గండికోటలో జుమ్మామసీదు ప్రక్కన ఒక గొప్ప ధాన్యాగారము కలదు. కోటను చూడవచ్చువారు పెన్నానది కోసికొనిపోయిన లోయను పెద్దసేపు చూచి, ధాన్యాగారమునొక్క త్రుటిలో చూచి వెడలుచుందురు. చరిత్రము చదువువారికి మాత్రము లోయకంటె ఆ గాదెయే యెక్కువ చెప్పును. ఒక రాజ్యము ప్రజల యాకలిని గుఱించి ఏమనుకొనెనో తెలియవలెనన్నచో, అది తిండినెక్కడ దాచెనో, దేనితో కొలిచెనో, ఎవరికి పెట్టెనో చూడవలెను.

నేడు విశ్వవిద్యాలయములలో చదువు యువతీయువకులకు పోషకాహారమును గుఱించి కుటుంబములకు హితవు చెప్పుటయు, పల్లెల యారోగ్యమును కనిపెట్టుటయు నేర్పుచున్నారు. ఇది నిన్నమొన్నటి విద్యయని పలువురి తలంపు. దీనికి వెనుక మూడు మెట్లున్నవనియు, వానిని మఱచినచో నాల్గవ మెట్టుమీద కాలు జాఱుననియు మా యభిప్రాయము.

మొదటిమెట్టు నిలువ. పెమ్మసాని నాయకుల యేలుబడిలోనున్న గండికోటను గోలకొండ పక్షమున మీర్ జుమ్లా పట్టుకొనెను. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చి అతనిని దర్శించెను. అట్టి కాలమున గాదె వేయు ప్రశ్న ఒక్కటే: ముట్టడి వచ్చినచో లోపలివారికి ఎన్ని నెలలు గడచును? ఆ ప్రశ్న తప్పుకాదు. అయితే గాదెకు గింజలు తెలియును గాని మనుష్యులు తెలియరు. నిండిన గాదె గోడప్రక్కనే పాలులేని తల్లియు, ఎండిన బిడ్డయు ఉండవచ్చును.

రెండవమెట్టు కొలత. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును దహించిన ధాత కఱవు బళ్లారి, కర్నూలు, కడప మండలములను మిక్కిలి పీడించెను. ఆకలిగొన్నవారిచేత రోడ్లు వేయించి, చెఱువులు త్రవ్వించి, ప్రభుత్వమువారు కూలి యిచ్చిరి. 1877 ఆరంభమున వైస్రాయి పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ దొర, ఖర్చు తగ్గించుటకై, దినమునకొక పౌను ధాన్యము ప్రాణము నిలుపుటకు చాలునని ఆ లెక్కను బట్టి కూలి నిర్ణయించెను. పౌనన్నచో నేటి తూకమున సుమారు 450 గ్రాములు. మదరాసు రాజధాని శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ దీనినెదిరించెను. ఱాళ్లు కొట్టువాని శరీరము ఆ కొలతతో నిలువదనియు, వట్టి ధాన్యము చాలదు, పప్పు మొదలైనవి కూడ ఉండవలెననియు అతడు వాదించెను. ఆ యేడే మదరాసు ప్రభుత్వము కొలతను పెంచవలసివచ్చెను. కాని యీలోపల పోయిన ప్రాణములు పోయినవే. కచ్చేరీలో కూర్చుండి గీచిన అంకె, పనిచోట నిలిచి మనుష్యుల డొక్కలను చూచిన కంటికి ఓడిపోయినదని ఆ వివాదము మనకు చెప్పుచున్నది.

మూడవమెట్టు గుణజ్ఞానము. 1918లో నీలగిరులమీది కూనూరులో మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని గుఱించి పరిశోధన మొదలిడెను. తరువాత నాతడు వేఱువేఱు ప్రాంతముల వారి భోజనమును ఎలుకలకు పెట్టి చూచెను. గోధుమరొట్టె, పాలు, పప్పు, కూరలుగల సిక్కుల యాహారము తిన్న ఎలుకలు పుష్టిగా పెరిగెను; బియ్యమే ప్రధానముగాగల మదరాసువారి యాహారము తిన్నవి కృశించెను. ఆ పరిశోధనశాలకు పిమ్మట అధ్యక్షుడైన ఎయిక్రాయిడ్ 1937లో భారతీయాహార పదార్థముల విలువలను పట్టికగా ప్రకటించెను. 1958లో ఆ శాల హైదరాబాదునకు తరలివచ్చెను. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదియే. 1960లో అక్కడి గోపాలన్, శ్రీకంఠయ్యగారలు, జొన్నయే ముఖ్యాహారముగాగల పేదలలో కనబడు పెల్లాగ్రా వ్యాధికి జొన్నలోని ల్యూసిన్ అను పదార్థముతో సంబంధమున్నదని ప్రతిపాదించిరి. జొన్నరొట్టె తిని పెరిగిన మా సీమవారు దీనిని చదివి జొన్నను దూషింపనక్కఱలేదు. పప్పు, పాలు, ఆకుకూరలు లేక ఒక్క జొన్నమీదనే బ్రదుకవలసివచ్చిన లేమియే ఇందు అసలు దోషి.

ఇక నాల్గవమెట్టు. తెలిసిన విషయమును ప్రయోగశాలనుండి పొయ్యికడకు చేర్చువారెవరు? 1946లో భోర్ సంఘము వైద్యవిద్యార్థికి రోగనివారణమును, సంఘమును గుఱించిన శిక్షణ ఉండవలెనని సిఫారసు చేసెను. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయములలో జాతీయ సేవాపథకము మొదలయ్యెను. రెండేండ్లలో 240 గంటల సేవ, పల్లెలో ఒక ప్రత్యేక శిబిరము దాని నియమములు. 1973లో శిబిరములకు కఱవుపై యువజనుల పోరాటమే విషయముగా నిర్ణయించిరి. 1983లో తిరుపతిలో వెలసిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమున గృహవిజ్ఞానశాఖలో పోషకాహారము పాఠ్యవిషయమయ్యెను. 2021–22లో చేరిన వైద్యవిద్యార్థులనుండి, మొదటి సంవత్సరముననే పల్లెలో కొన్ని కుటుంబములను దత్తు తీసికొని వారి యారోగ్యమును కనిపెట్టవలెనను నియమము వచ్చెను. ఏర్పాటులు బాగున్నవి. కాని విద్యార్థి ఆ యింటి గడప దాటిన పిదప ఏమి మాటలాడవలెను?

చరకసంహిత విమానస్థానమున ఆహారమును గుఱించి విచారింపవలసిన అంశములు ఎనిమిది చెప్పబడినవి. పదార్థముయొక్క ప్రకృతి, వండు విధము, కలుపుకొను ద్రవ్యములు, రాశి, దేశము, కాలము, తినునపుడు పాటించు నియమములు, తుదకు తినువాడు. టెంపుల్ దొర వీనిలో రాశినొక్కదానినే చూచెను. కూనూరు పండితులు ప్రకృతిని విప్పి చూపిరి. దేశమును, కాలమును, తినువానిని చూచుట విద్యార్థికి మిగిలిన పని. ఆ పని పుస్తకముతో మాత్రమే కాదు.

ఒక ఉదాహరణము చెప్పెదము. జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడిలో శనగ పండును. శనగ పండించు ఇంట పంటయంతయు అంగడికి పోయి, బిడ్డ కంచములో పప్పు కనబడకపోవచ్చును. పాడియున్న యింట పాలు కేంద్రమునకు పోయి, బాలింతకు నీళ్లకాఫీ మిగులవచ్చును. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిమ్మట పేదయింట రెండుపూటల అన్నము కుదిరినది. అది సామాన్యమైన మేలు కాదు. కాని దానితోపాటు రాగిసంగటియు, కొఱ్ఱన్నమును పేదఱికపు గుర్తులై వెనుకబడెను. వంద గ్రాముల రాగులలో 344 మిల్లీగ్రాముల కాల్షియముండగా, మరపట్టిన బియ్యములో సుమారు పదియే యున్నదని జాతీయ సంస్థవారి పాత పట్టిక చెప్పుచున్నది. ఈ సంగతులు తెలియని విద్యార్థి ఆ యింటికి పోయి ఆపిలుపండ్లు తినుడని చెప్పివచ్చును. ఆ యిల్లాలు తలయూపి పంపివేయును.

తెలిసినవాడు వేఱుగ మొదలుపెట్టును. "అక్కా, రాత్రి సంగటి ఏ గిన్నెతో ఎవరికెంత పెట్టినావు? కడపట తిన్నదెవరు?" అని యడుగును. గడచిన ఇరువదినాలుగు గంటల తిండిని ఇంటి గిన్నెలతోనే కొలిచి వ్రాసికొనుట పోషకాహార పరిశోధకులెఱిగిన పద్ధతియే. దానివలన గింజల లెక్కయేగాక ఇంటి న్యాయము కూడ తెలియును. మగవారు, పిల్లలు తిన్నపిదప అడుగంటినది తిను ఆచారము మన యిండ్లలో ఎంతయో పాతది. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 యేండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత కనబడెను. దీనికి కారణములు పెక్కులు. కాని కంచము చివర కూర్చుండుట వానిలో చిన్నది కాదు.

ఇరువదియేండ్ల పిల్ల నలుగురు బిడ్డల తల్లికి ఏమి చెప్పునని కొందఱందురు. మొదట వినవలెననియే మేమును చెప్పుచున్నాము. లేమియే కారణమైనప్పుడు హితవు చెప్పుట పరిహాసమని మఱికొందఱందురు. తప్పు తల్లిమీద మోపు హితవు నిజముగా పరిహాసమే. కాని ఇనుపమాత్రను భోజనముతోపాటు టీ త్రాగి మ్రింగినచో దాని ఫలము తగ్గుననియు, ఉసిరి, జామ, నిమ్మ దానికి తోడగుననియు చెప్పుట పరిహాసము కాదు. అంగన్‌వాడీలో గర్భిణికి రావలసిన గ్రుడ్డును, పాలును అడిగి తెచ్చుకొను హక్కున్నదని చెప్పుట అంతకంటె మేలైన హితవు.

విశ్వవిద్యాలయములవారికి మా మనవి ఒక్కటే. శిబిరమున గడపిన గంటలకు మార్కులు వేయకుడు. అదే యింటికి మఱల పోయినందుకు వేయుడు. మొదటిరాక పరిచయము, రెండవరాకలో నిజము బయటపడును. విద్యార్థి వ్రాసిన లెక్కల ప్రతి ఒకటి ఆ పల్లెలోని ఆరోగ్యకార్యకర్త చేతిలో ఉండవలెను. లేనిచో అవి కళాశాల బీరువాలో చేరి మఱియొక గాదె యగును.

చదువరులకును ఒక మాట. మీ వాకిట అట్టి విద్యార్థిని నిలిచి ఎవరు ఎప్పుడు తినిరని యడిగినప్పుడు, అది ఇంటిగుట్టని తలుపు వేయకుడు. ఆమె వచ్చులోపల మీరే ఒకనాటి రాత్రి మీ యింట కంచముల వరుసను చూచుకొనుడు. అడుగున మిగిలినదెంత, అది ఎవరి పాలు అన్నది ఏ సర్వేయు అక్కఱలేకయే తెలియును. మార్పవలసినది కనబడినచో మఱునాడే మార్పుడు.